మిరపేనా

మా ఇంట్లో ఎర్రటి కళ్ళని ఎవరూ ఏమీ అడగరు.
నాన్న యార్డులో టిక్కీలు మోసొస్తాడు
అమ్మ తాలుకాయలు ఏరొస్తుంది
ఇద్దరూ బట్టలు దులిపి దండెం మీదేస్తే
గది గదంతా తుమ్ముతుంది.
ఏటుకూరు రోడ్డు గాలే అంత.
మార్చి వచ్చిందంటే మంచినీళ్ళు కూడా ఘాటే.

అందుకే
మా తమ్ముడు ఇమ్మానుయేలు
నెలల తరబడి ఎర్రటి కళ్ళతో తిరుగుతుంటే
మిరపే అనుకున్నాం.
అన్నం దగ్గర సగంలో లేచిపోతే, ఎండ అనుకున్నాం.
తన క్రికెట్ బ్యాటు పక్కింటి పిల్లాడికిచ్చేస్తే
పెద్దవాడయ్యాడనుకున్నాం.
ఆ సాయంత్రం నేను పక్కనే ఉన్నాను.
సెల్లులోంచి తలెత్తకుండా
"మొహం కడుక్కోరా" అన్నాను.

ఏం మింగాడో, ఎన్ని మింగాడో నేను చెప్పను.
నా నోటమ్మట రాకూడదని ఒట్టు.
నిద్రలో పోవచ్చు అనుకున్నాడంట.
నిద్ర రాలేదు.
తెల్లార్లూ వాంతులు,
బాత్‌రూమ్ గచ్చు మీద మోకాళ్ళు,
జిన్నా టవర్ దగ్గర ఆగిపోయిన ఆటో,
దాన్ని తోస్తూ మా నాన్న.

రెండోరోజు లేచి కూర్చున్నాడు.
ఇడ్లీ అడిగాడు.
"బానే ఉన్నా కదక్కా, ఇంటికి పోదాం" అన్నాడు.
అమ్మ అప్పుడే మొక్కు తీర్చే లెక్కలో పడింది.
నా ఈడు పిల్లే, నైటు డ్యూటీ డాక్టరమ్మ,
చీటీ చూసి నవ్వలేదు.
"లివర్ ఇంకా మాట్లాడలేదమ్మా, ఆగండి" అంది.

మూడోరోజు మాట్లాడింది.

ఎర్రటి కళ్ళు పచ్చబడ్డాయి.
అమ్మని ఆంటీ అన్నాడు.
నా పేరు వెతుక్కుని వెతుక్కుని వదిలేశాడు.
నలభై కిలోల బస్తా ఒంటిచేత్తో తిప్పే మా నాన్న
రక్తం సీసా పట్టుకుని ల్యాబుకి పోతూ
చేతులు వణికి, గోడకి ఆనుకున్నాడు.
మధ్యలో ఎప్పుడో తెలివొచ్చి
వాడు ఆ చెయ్యే పట్టుకున్నాడు:
"నాన్నా, నన్ను పోనీకు."

పదహారు రోజులు.
వాడు తిరిగొచ్చాడు. వాడితో వెళ్ళినవన్నీ రాలేదు.
మెట్లెక్కితే ఆయాసం,
నూనె వాసనకే డోకు,
నెలనెలా సూది, రిపోర్టు, మళ్ళీ అదే వరండా.

చుట్టాలొచ్చి కారణం అడిగారు.
పరీక్షన్నాం ఒకరికి, అప్పన్నాం ఇంకొకరికి.
వాడినే అడిగితే
"ఒకటైతే చెప్పేవాణ్ణి అక్కా" అన్నాడు.

మందుల డబ్బాకి తాళం పడింది,
తాళంచెవి సలోమి పిన్నింట్లో.
బాత్‌రూమ్ గడియ నాన్నే ఊడదీశాడు.
రాత్రి రెండింటికి అమ్మ లేచి
వాడి ముక్కు కింద వేలు పెడుతుంది.
వాడు మేలుకునే ఉంటాడు,
కదలడు.
ఆమె మళ్ళీ పడుకున్నాక ఊపిరి గట్టిగా పీలుస్తాడు, వినపడేలా.
నాకు మాత్రం కోపం వచ్చింది.
ఇప్పటికీ వస్తుంది.
దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఏ చీటీలోనూ రాయలేదు.

ప్రతి గురువారం పెద్దాసుపత్రి, మానసిక విభాగం.
అక్కడి పెద్దాయన మా అందరినీ కూర్చోబెట్టి అన్నాడు:
"అడగండి. అడిగితే గుర్తుచేసినట్టవుతుందని భయపడకండి.
వాడు మర్చిపోతే కదా."

ఎలా అడగాలో మాకు రాలేదు.
ఇంత కాలం అడగని నోళ్ళు మావి.
చివరికి ఒక మాట దొరికింది.
కళ్ళు ఎర్రగా కనిపిస్తే చాలు, ఎవరైనా సరే,
"మిరపేనా?" అంటాం.
మిరపేనంటే నీళ్ళిస్తాం.
కాదంటే పక్కన కూర్చుంటాం.
పెద్దగా ఏమీ మాట్లాడం.
కొన్నిసార్లు అబద్ధం చెప్తాడు.
అప్పుడూ కూర్చుంటాం.

నిన్న నాన్న యార్డు నుంచొచ్చి
కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూలబడ్డాడు.
తువ్వాలు మొహం మీదనుంచి తియ్యలేదు.
ఇమ్మూ చూశాడు.
చాలాసేపు చూశాడు.
మెల్లగా పోయి, ఆయన పక్కన ఇరుక్కుని కూర్చుని
అడిగాడు, "మిరపేనా నాన్నా?"

అమ్మ పొయ్యి ఆపింది.
నేను సెల్లు బోర్లా పెట్టాను.

"కాదురా" అన్నాడు నాన్న.