పచ్చసొన వాటా

బిరడా చెమ్మగిల్లిందని లియొనీ చెప్పింది.
మెట్ల కింద, బంగాళాదుంపల బుట్ట వెనక
పదహారేళ్ళుగా పడుకున్న సీసా.
మెడ దగ్గర జిగటగా, సన్నటి ఎర్రగీత.
ఇక ఆగదు, ఇవాళే తీసెయ్యాలంది.
ఇవాళ మంగళవారం.
నిన్నటి చల్లారిన కోడి తప్ప
ఇంట్లో విందనదగ్గది ఏమీ లేదు.

రిటైరైన రోజున చేతిలో పెట్టారు దాన్ని.
షాతో మోర్‌వియెల్, డెబ్బై ఎనిమిది.
కొత్త యజమాని కాగితం చూసి చదువుతూ
ఫిర్మాన్ అనబోయి ఫెర్నాన్ అన్నాడు.
ఫరవాలేదు,
సీసాకి నా పేరు తెలుసు.

మూడొందల ఏళ్ళ కోట అది, జిరోండ్ గట్టున.
రాజులకి పంపిన పీపాల జాబితా
అద్దాల చట్రంలో గోడకి వేలాడుతుంటుంది.
సరిగ్గా దాని కిందే, నేలమాళిగలో,
ముప్ఫై ఏడేళ్ళు పీపాలు కడిగాను,
వారానికి రెండుసార్లు వెలితి నింపాను.
చెక్కలోంచి ఆవిరైపోయిన దాన్ని
దేవతల వాటా అంటారు మావాళ్ళు.
దేవతలకి దాహం ఎక్కువ, వేసవిలో మరీను.

ఆ ఏడు వేసవి మొహం మాడ్చుకునే గడిపింది.
ఆగస్టు చివరికీ ద్రాక్ష గోలీకాయల్లా ఉంది.
పెద్దాయన గొడుగేసుకుని తోటంతా తిరిగేవాడు,
ఎవరి పలకరింపుకీ జవాబివ్వకుండా.
సెప్టెంబరులో ఏమనుకుందో ఏమో ఎండ,
పాత బాకీ తీర్చే మనిషిలా
రోజూ ఠంచనుగా వచ్చింది.

రెండేళ్ళకి తేటపరిచాం.
ఒక్కో పీపాకి ఆరు గుడ్ల తెల్లసొన.
మబ్బంతా పోగేసుకుని అడుక్కి దిగుతుంది అది.
మూడొందల పీపాలు, లెక్క మీరే వేసుకోండి.
మిగిలిన పచ్చసొన పాలక్యాన్లలో ఇళ్ళకి పంచేవారు.
లియొనీ నెలంతా రాగి అచ్చుల్లో కానెలేలు కాల్చేది,
అంచు నల్లగా కరకరలాడుతూ, లోపల మెత్తగా.
మొహం మొత్తి పిల్లలు కుక్కకి వేసేవారు.
కొన్నాళ్ళకి కుక్కా పక్కకి తిరిగి పడుకునేది.

బిరడా మూడు ముక్కలై వచ్చింది.
టీ జల్లెడలోంచి మెల్లగా వంచాను.
రంగు, అంచుల్లో, వానకి నానిన పాతపెంకు.

మొదటి గుక్కలో ఏమీ లేదు.
తలుపు తట్టినా లోపల ఎవరూ లేవనట్టు.
కోడి తిన్నాం. కిటికీ వేశాం.
ఇరవై నిమిషాలకి లేచి వచ్చింది.

దేవదారు, పొగాకు పెట్టె, ఆకులు మాగిన అడవి:
కోట చూడ్డానికొచ్చే వాళ్ళకి
గైడమ్మాయి అలా అప్పజెబుతుంది.
ఉన్నాయేమో అవన్నీ.
నాకైతే గంధకం వత్తి వెలిగించిన వేళ్ళు,
తడిసి ఆరిన గోనెసంచి,
నా పాత నీలం కోటు లోపలి జేబు.
ఒకప్పుడు చిగుళ్ళు పట్టి గుంజిన వగరు
ఇప్పుడు పక్కగదిలో కూర్చుంది,
పిలిస్తేనే పలుకుతోంది.

నేనెరిగింది దాని పసితనమే.
నోరు మండించే రోజుల్లో సాకి
సీసాలకి ఎక్కించి పంపేసేవాణ్ణి.
పెరిగి ఎలా తయారయ్యాయో
ఇన్నేళ్ళలో నాకెవరు చెప్పారు గనక?

లియొనీ గ్లాసు ముక్కు దగ్గరే పట్టుకుని
చాలాసేపు తాగలేదు.
"ఇందులో ఉన్నవి మన గుడ్లేగా" అంది.
తెల్లసొన ఒక్క చుక్కా మిగలదు,
అంతా మడ్డితో పోతుందని చెప్పబోయాను.
కానీ తను వేళ్ళు మడుస్తోంది.
ఆ పచ్చసొన తిన్న నోళ్ళని లెక్కపెడుతోంది:
జెర్మెన్, చిన్నాడు, పక్కింటి అవిలా దంపతులు,
ఆ కుక్క.
ఊరుకున్నాను.

అడుగున రెండు వేళ్ళ మందాన మడ్డి.
దాన్ని వేరుచెయ్యడానికే నాకు జీతమిచ్చారు.
రొట్టెముక్క అద్దుకుని తినేసింది లియొనీ,
పెదవులు నల్లబడి, చిన్నపిల్లలా.

దీపం తీసేటప్పుడు అంది:
"రేపు డజను గుడ్లు పట్టుకురా,
అచ్చులు ఎక్కడున్నాయో నాకు గుర్తే."
"మరి తెల్లసొన?" అన్నాను.

ఇంట్లో పీపాలు లేవు.