రాయి

మా యూనివర్సిటీ మైదానంలో
బంతి ఎటు పోవాలో చెప్పేది చెయ్యి కాదు, సముద్రం గాలి.
మధ్యాహ్నం రెండు దాటితే
పైకి లేచిన ప్రతి బంతీ
సింహాచలం కొండ వైపు కాస్త మొగ్గుతుంది.

తొమ్మిది మందికి ఆరు గ్లౌజులు.
ఇన్నింగ్స్ మారినప్పుడల్లా
గుంటూరు పిల్లలవి మాకు, మావి వాళ్ళకి,
చెమటతో సహా అరువు.
చీలమండ బెణికిన నన్ను
స్కోరు పుస్తకం ఇచ్చి సరుగుడు నీడలో కూచోబెట్టారు.

పిచర్ సూరాడ పైడమ్మ, పెదజాలరిపేట.
బంతికి నూట ఎనిమిది కుట్లని మాస్టారు చెప్తే
"మా అయ్య వలకి ఎన్నో ఎవుడు లెక్కెట్టాడు?" అంది.
ఆ రోజు అది విసిరిన బంతులు
గుంటూరు బ్యాట్లకి అగుపడలేదు.
ఒకటో ఇన్నింగ్స్ సున్నా.
మూడు, సున్నా.
ఐదు దాటాక ఎవరూ ఆ మాట పైకి అనలేదు.
దిష్టి తగుల్తుందని మాస్టారు
నీళ్ళ బిందె దగ్గరికెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు.

ఏడో ఇన్నింగ్స్. ఇద్దరు అవుట్.
నేలని రాసుకుంటూ వచ్చిందొక బంతి
షార్ట్‌స్టాప్ ఆడారి వరహాలు మీదికి.
ఒంగింది. చెయ్యి పెట్టింది.
ఆఖరి జానెడులో బంతి చివాల్న లేచి
భుజం మీంచి పోయింది.

మైదానమంతా నా పెన్సిల్ వైపు తిరిగింది.
హిట్ అని రాస్తే పైడమ్మ సున్నా పోతుంది.
ఎర్రర్ అని రాస్తే పోయేది వరహాలు పేరు.
రేవులో ఏదో ఓడ కూసింది.
ఇ, పక్కన ఆరు.
రాసేశాను.

తర్వాతి పిల్ల మూడు బంతుల్లో అవుట్.
పైడమ్మని భుజాలకెత్తారు.
ఒక్క హిట్టూ ఇవ్వని ఆట, మా కాలేజీలో మొదటిది,
నోటీసు బోర్డు మీద ఏడాదంతా ఉంది.
వరహాలు ఒక్కతే బేసులు ఏరి
గోనెసంచిలో కుక్కుకుంది.

హుద్‌హుద్ నాడు ఆ గది రేకులు లేచిపోయాయి.
కప్పులు, ఫొటోలు, బోర్డు, ఏవీ లేవు.
పుస్తకం నా బీరువాలో ఉండబట్టి బతికింది.

మొన్న పూర్ణా మార్కెట్‌లో
తక్కెడలోంచి జారిన బంగాళాదుంపని
కిందకి చూడకుండానే ఎడంచేత్తో అందుకుందొకామె.
ఆ చెయ్యిని చూశాకే ముఖం చూశాను.

"గులకరాయి తగిలిందే" అంది వరహాలు,
ముప్పై ఏడేళ్ళు మధ్యలో లేనట్టు.
"నీకు అగుపడింది గదా."
అగుపడింది.
"ఇప్పుడు మార్చనా?"
"ఏటి మార్చేది? పైడి దాని మనవరాల్ని
ఆ కతే చెప్పి నిద్దరోయిత్తంది."
దుంపలు సంచిలో పోసుకుని రెండడుగులు వేసి ఆగింది.
"కానీ ఆ రాయిని కూడా రాయవే.
అదీ ఆడింది గదా."

స్కోరు రాతలో రాయికి గుర్తు లేదు.
రాత్రి పుస్తకం తీసి
ఆరు పక్కన
పెన్సిల్ మొనతో నొక్కి
ఒక చుక్క పెట్టాను.