నాలుగో కాపీ

సంచీలో స్టాంపు ప్యాడు, తుడుచుకోను గుడ్డపేలిక,
రెండు పెన్నులు, రూళ్ల పుస్తకం.
పన్నెండు వందల పేర్లకు నేనే గీతలు కొట్టా.
అయిదొందల నలభై ఒకటి నిండాయి.
మార్కాపురంలో ఆటో ఎక్కితే
పక్కసీటామె అడిగింది, "ఏం, చీటీ పాటా?"
కాదమ్మా, చట్టం కోసం అన్నా.
ఆమె తన సంచీ కాస్త దగ్గరికి లాక్కుంది.

పద్దెనిమిదేళ్లు పట్టాళంలో ఉన్నా
తుపాకీ పేల్చింది ఏడాదికోసారి, చాందమారీలో.
మిగతాదంతా టైపు మిషనే.
హవల్దార్ క్లర్కుని. అన్నం కలిపినా కార్బను వాసనే.
"ఈ వైకల్యం సైనిక సేవ వల్ల కలిగినది కాదు".
ఇంగ్లీషులో ఆ ముక్కని
కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి, టీ చల్లారేలోపు.
నాలుగు కాపీలు.
పైది రికార్డాఫీసుకి, రెండోది పింఛన్లోళ్లకి, మూడోది ఫైలుకి.
అన్నిటికీ అడుగున, మసక మసగ్గా, నాలుగోది
ఆ మనిషికి.

ఎవరా మనిషని నేనెప్పుడూ అడగలా.

తర్లుపాడులో, కాశింసా ఇంట్లో దొరికింది.
తొమ్మిదేళ్లు చేసి, మంచుకొండల్లో ఫిరంగి పక్కన
కుడి చెవి పోగొట్టుకుని వచ్చినోడు.
పింఛనుకి పదిహేనేళ్లు నిండాలి. నిండలా.
ఇప్పుడు పలకల ఫ్యాక్టరీలో రంపం కాడ కూలి.
ట్రంకుపెట్టె మూత లోపల అతికించాడు కాగితాన్ని,
పెళ్లిపత్రిక పక్కన.
"చదువు సారూ, ముప్పై ఏళ్లుగా
ఒక్కోడు ఒక్కో రకంగా చెప్తన్నాడు."
చదవబోయి ఆగా.
ప్రతి 'ఆర్' అక్షరమూ
వరస తప్పి వెంట్రుకవాసి కిందికి జారింది.
నా మిషను.
మెకానిక్కుని పిలుద్దాం పిలుద్దామని
రిటైరయ్యేదాకా పిలవలేదు.

"కొట్టింది నేనే" అన్నా,
అతని కుడి చెవి వైపున.
అది పిరికితనం, తెలుసు.
కానీ హుసేనమ్మకి రెండు చెవులూ బాగున్నాయి.
పొయ్యి కాడ్నుంచి లేవలేదు, తిట్టలేదు.
సజ్జ రొట్టె తిరగేసి అంది:
"అయితే ఏడ కొట్టెయ్యాల్నో నీకే బాగా తెలిసుండాలి."

మేం అడిగేది పెద్దదేం కాదు.
ఒళ్లు గట్టిగా ఉందని రాసుకునే కదా తీసుకెళ్లారు,
లోటుతో ఇంటికి పంపితే
అది మీవల్ల రాలేదని మీరే రుజువు చెయ్యండి,
ఆ రుజువు కోసం చెవిటోణ్ణి ఊరూరా తిప్పకండి.
ఈ ఒక్క మాట చట్టంలో పడాలి.
మొన్న పెన్షనర్ల మీటింగులో సుబేదార్ యలమందగారు
"మనకొచ్చేది మనకొస్తంది గదయ్యా" అని బిస్కట్ తీసుకున్నాడు.
చెప్పులేసుకుని గేటు దాకా పోయి, వెనక్కొచ్చి
సంతకం పెట్టాడు. ఎందుకో చెప్పలా.

కాశింసా బొటనవేలు అయిదొందల నలభై రెండోది.
పలక పొడికి గీతలన్నీ అరిగి
ముద్ర నున్నటి నల్లమచ్చలా పడింది.
ఇక ఆగలేక, నిండినంత మటుకే ఒంగోలు పట్టుకెళ్లా.
ఎంపీ ఆఫీసులో కుర్రాడు దాని మీదే వేలు పెట్టాడు:
"ఇది వేలిముద్రేనా? చెల్లదేమో."
చెల్లుద్ది నాయనా,
ఇందులో ఏం పోయిందో సరిగ్గా చూడన్నా.
వాడు పుస్తకాన్ని కిటికీ వైపు ఎత్తిపట్టాడు. దించాడు.
కాపీలు తీసి ట్రేలో పెట్టండి అన్నాడు.

కిందికొచ్చి జిరాక్సు షాపులో
నాలుగన్నా.
పచ్చటి వెలుగు అటూ ఇటూ తిరిగింది.
"వీటిల్లో అడుగుది ఏదిరా అబ్బీ?"
"అడుగుదేంది తాతా, అన్నీ ఒకటే నలుపు."
ఒక్కోటీ తిరగేసి చూశా.
నిజమే.
ఇంకోటి తియ్యి, అన్నా,
ట్రంకుపెట్టె మూతకి.