మడతబందు

సోహార్‌ల రెండో అంతస్తు షట్టరింగ్ మీదికెళ్లి
కుడిచెయ్యి చాపి పడ్డ.
భూమిని ఆపుదామనుకున్న, పిచ్చి.
భూమి ఆగలే. మోచెయ్యి ఆగింది,
పక్కకు మర్లి.

మొఫిజుల్ ఉరికొచ్చి చూసి
తన మోచెయ్యిని తాను పట్టుకున్నడు.

డాక్టర్ హిలాల్ ఫిల్మును కిటికీకి ఆనించి
హిందీల చెప్పిండు:
కీలు జారింది. గుండీ అసోంటి తల మూడు పలుకులైంది.
కాకిముక్కంత కొన ఒకటి విరిగింది.
చిన్నదే, కానీ గొళ్లెం అదే,
అది లేకుంటే చెయ్యి నిలవదు.
సార్, నేను వడ్లోణ్ణి, అన్న.
గొళ్లెం సంగతి నాకు చెప్పాల్నా.

భుజం కాడ సూదిపెట్టి చేతిని పండవెట్టిన్రు,
నాకు నిద్రమందు వద్దన్న.
ఆకుపచ్చ గుడ్డ అవతల బర్మా చప్పుడు.
పచ్చికట్టెల ఒక తీరు మోగుతది, చేవల ఒక తీరు.
నాది చేవనే.
గొంతు మారుతుంటే పసిగట్టి
"సార్, అవతలికి దిగుతున్నది" అన్న.
ముసుగు ఎనుక ఎవరో నవ్విన్రు.
బర్మా ఆగింది.

పగిలిన తల తీసి ఇనుప తల దిగేసిన్రు.
కాకిముక్కును దారంతో గుంజి కట్టిన్రు.
తెగిన పట్టీని ఎముకకు కుట్టిన్రు.
మా నాయిన ఒక్క దర్వాజకు
ఇంతసేపు కూసునేటోడు.

పది దినాలకు ఫిజియో లిసీ మేడం
రెండు పుల్లల కొలత తెచ్చింది.
గూనియా! అన్న.
కాదంట, వేరే పేరున్నదంట. ఉండనీ.
నలభై. అరవై. కండ్లల్ల నీళ్లు. అరవై రెండు.
నూటా ముప్పై వస్తే బుక్క నోటికందుతదంట.
ఇరవై ఏండ్లు తొంభైనే నమ్ముకున్నోణ్ణి,
తొంభై ఉంటే గోడ నిలవడతది.
తొంభై కాడ బుక్క గాలిల ఆగుతదని
ఇప్పుడే ఎరుక.

కంపెనీ నుంచి ఫోన్: ఎన్నడొస్తవ్?
చేతినడుగున్రి, అన్న.

ఇయ్యాల మేడం బయటికి పోయింది.
ఈ గది తలుపు
నేను వచ్చిన కాడ్నుంచి కిర్రుమంటనే ఉన్నది.
నడిమి మడతబందుకు ఒక స్క్రూ వదులు.
జేబుల యాభై బైసల బిళ్ల.
గాడిల పెట్టి తిప్పిన.
అరచెయ్యి మీదికి మర్లలే, మర్లలే,
లోపల ఇనుప తల దొర్లినట్టయింది.
పావు సుట్టు.

గుమ్మంల నిలవడి చూస్తున్నదని నాకేమెరుక.
తిడుతదనుకున్న.
కొలత తీసింది.
"మళ్ల తిప్పు," అన్నది.