స్టాక్ రిజిస్టర్‌ల లేని వస్తువు

పుష్యమాసం. దేవరకొండ.
ఖిల్లా మీదికెల్లి దిగిన చలి
కాలేజీ గ్రౌండ్ల షామియానా కింద
ముందు వరుసల కూసున్నది.

మూడొద్దుల పండుగ.
బ్యానర్ మీద ఒకదిక్కు పండ్ల చక్రం, ఒకదిక్కు నెమలీక,
నడుమ ‘విజ్ఞాన కళా సంబరం’.
పెయింటర్ జహంగీరు ‘జ్ఞ’కు ఒత్తు మరిచి
మల్ల నిచ్చెనేసుకొని ఎక్కిండు.

నేను ల్యాబ్ అటెండర్ని.
ఇరవై రెండేండ్ల సంది
బీకర్లు లెక్కవెడుత, కటకాలు తుడుస్త,
పోయినదాని ఎదురుంగ ఎర్రసిరాతోని
‘పగిలినది’ అని రాస్త.

మొదటి స్టాల్‌ల
పోచంపల్లి నుంచొచ్చిన ముసలాయన
దారాలు గుంజి కట్టి
రంగు తాకొద్దన్న చోటల్లా రబ్బరు చుడుతున్నడు.
పక్కనే లెక్కల సారు
గళ్ళ కాయితం మీద అదే పువ్వును
అంకెలతోని గీస్తున్నడు.
ఇద్దరికీ ఒక్కో గడి తప్పింది.
ఒకరి దిక్కొకరు చూసి
దొంగల తీరు నవ్విండ్రు.

నేనావత్ సింధూజ, ఇంటర్ రెండో సంవత్సరం.
ఆమె ప్రయోగానికి ఇత్తడి పలక కావాలె.
మేడం రాసిన ఇండెంటు
ఆర్నెల్ల సంది నల్లగొండల పండుకున్నది.
“డప్పుంటె నడుస్తది మేడం” అన్నది పిల్ల.
వాడకెల్లి ఎవరో తెచ్చిండ్రు.

చలికి తోలు మెత్తవడ్డది.
కొడితే తడిబట్ట చప్పుడు.
అందరూ ట్యూనింగ్ ఫోర్కు దిక్కు చూసిండ్రు,
డప్పు చేసిన తప్పేందో
అది చెప్తదన్నట్టు.

నా చేతులు నన్నడగలే.
స్టేజీ ఎనుక గడ్డి మంటేసిన.
డప్పును సెగకు తిప్పిన,
రొట్టె కాల్చినట్టు కాదు,
పురిటిబిడ్డ వీపు కాచినట్టు,
నడుమ నడుమ వేలితోని మీటుకుంట.

“చాలని ఎట్ల తెలుస్తది?” మేడం అడిగింది.
తోలే చెప్తది, అన్న.
ఆమె నోటుబుక్కుల రాసుకున్నది:
తేమ తగ్గిన కొద్దీ బిగువు పెరుగును.
రెండూ ఒక్క మాటనే గావొచ్చు.
ఆమె మాటకు మార్కులుంటయి.

స్టాఫ్ రూముల ఇన్నేండ్లు
చాయ్ పోసిన, గ్లాసులు కడిగిన,
మా ఇంటి దూలానికి ఏం ఏలాడేదో
ఎవలకూ చెప్పలే.

డిండి వాగు ఇసుక, చాయ జల్లెడ పట్టింది,
తోలు మీద చల్లింది పిల్ల.
కింద స్పీకరు. మొబైల్‌ల సన్నటి కూత.
ఇసుక లేచి కూసునేలోపే
కరెంటు పోయింది.

“అన్నా, నువ్వు కొట్టవా?”
ఇంతసేపు నన్ను ‘అటెండర్’ అన్న పిల్ల.

సిటికెన పుల్ల పట్టిన.
అంచు మీద, ఊపిరంత మెల్లగ,
ఆపకుండ.
ఇసుక ఉలిక్కిపడ్డది, ఉరికింది,
ఒకదాన్నొకటి తోసుకుంట వొయ్యి
ఒక వంకర గుండ్రం కట్టింది.
స్పీకరంత నున్నగ రాలే.
అయినా పిల్లలు బల్లలెక్కి చూసిండ్రు.

మైకు లేదు. సింధూజ గొంతెత్తింది:
“వణికే చోట ఇసుక నిలవదు సార్,
వణకని జాగకు పోయి ఆగుతది.
మనకు కనవడే గీతంతా
చప్పుడు లేని చోటు.”

నా పుల్ల ఒక దెబ్బ తప్పింది.
ఇరవై రెండేండ్లు
నేను చప్పుడు చెయ్యని జాగ
పైకెల్లి చూస్తే ఇట్లనే కనవడ్డదా
ఎవలకన్నా?
ఎవరూ గమనించలే. ఇసుక గమనించింది:
గీత ఒక్కచోట తెగింది.

తెల్లారి రిజిస్టర్ తెరిచిన.
కాలేజీ సొమ్ము కాదు, రాయొద్దు,
ఆడిట్ సారు అడుగుతడు.
అడగనీ.
వస్తువు: డప్పు. సంఖ్య: ఒకటి.
స్థితి దగ్గర కొంచెంసేపు ఆగిన.
నల్లసిరాతోని రాసిన,
‘కాచినది.’