నూటికి రెండు ఎక్కువ

షాద్‌నగర్ హేచరీల
రాత్రి పదకొండుకు డబ్బాలెత్తుతం.
డబ్బాకు నూరు. పైన ఇంకో రెండు.
లెక్క తప్పి కాదు,
దారిల పోయేటియి పోతయని ముందే ఏసిన లెక్క.

అట్టడబ్బా పక్కలకు బొక్కలు,
బొక్కకో ముక్కు.
బండి కదిలితే లొల్లి, ఆగితే ఇంకా లొల్లి.
కొత్తూరు దాటినంక ఎందుకో
అన్నీ ఒక్కసారి చుప్.
అప్పుడు నాకు భయమైతది.
ముంగట ఎవ్వలు లేకున్నా హారన్ కొడ్త.
మళ్ల కీచుమంటయి.
సరే, పదుండ్రి.

శంషాబాద్ కార్గో గేటు కాడ
నస్రీన్ మేడం కాగితం సదువుతది:
హైదరాబాద్ నుంచి గువాహటి,
పదహారు వందల ఎనభై కిలోమీటర్లు,
రెండు గంటల నలభై నిమిషాలు.
వయసు అనే గడిల
"ఒక రోజు" అని రాస్తది.

ఒక రోజు!
స్టీరింగ్ మీద వేలితోని లెక్కగట్టిన.
ఉన్న ఆయుష్షుల తొమ్మిదో వంతు
గాలిలనే గడిచిపాయె.
నా నలభై ఆరేండ్లకు గదే లెక్క ఏస్తే
ఐదేండ్లు కిటికీ పక్కన కూసున్నట్టు,
ఐదేండ్లు బెల్టు ఇప్పకుండ.
జంగయ్యకు చెప్తే పడి పడి నవ్విండు.
"ఐదేండ్ల సంది నువ్వు
ఆరాంఘర్ చౌరస్తనే దాటకపోతివి గదనే!"

పుట్టేముందు గుడ్డుల సొన
కొంచెం కడుపులకు గుంజుకుంటయట.
మూడొద్దుల దాంక తిండి నీళ్లు అడగవట.
మొఖం సూడని తల్లి
కట్టిచ్చిన సద్ది.

రెక్కలు మొలవకముందే ఎగిరినయి.
మొలిచినంక గోడ గూడ ఎక్కవు.
అక్కడికి ఎందుకు పోతున్నయో నాకెరుకే.
ఆ మాట వాటి ముంగట
ఎన్నడూ అనలే.

మొన్న ఎండకాలం ఒక డబ్బాల
నూట ఒకటే లెక్కకొచ్చింది.
మేడం నన్ను సూసింది, నేను జంగయ్యను సూసిన.
"రెండు ఎక్కువేగా, ఒకటి పోతే ఏంది"
అని ముద్దర కొట్టింది.
విమానం లేసినంక, తెల్లారుతుంటే,
జాకీ కింద, గ్రీజు గుడ్డల,
పసుపుముద్ద.

కాటేదాన్‌ల మా రేకుల ఇంటికి తెచ్చిన.
పెండ్లాం తిట్టింది, నూకలేసింది,
పాత కూలర్ డొక్కల పండవెట్టింది.
ఇప్పుడది పెట్ట.
గల్లీల కుక్కకు భయపడది.
మా బాలామణి మాత్రం దాన్ని
"గువాటి, గువాటి" అని పిలుస్తది.

మా ఇంటి మీదికెళ్లి
పది నిమిషాలకొక విమానం దిగుతది.
మెడ పక్కకు వంచి
ఒక్క కన్ను పైకి పెట్టి సూస్తది.
గద్ద అనుకుంటదని బాలామణి అంటది.
అయ్యుండొచ్చు.
ఏమో గని,
సప్పుడు మొత్తం పోయేదాంక
గింజ ముట్టది.