రిమార్కుల గడి

రాపూరు దాటాక చెక్‌పోస్టులో ఆపేశారు.
ఎర్రచందనం దొంగల కాలం మరి,
చీకటిపడే వేళ అడివిలోకి ఏడుగురం, ఏడు టార్చిలైట్లు.
హైమావతి మేడం కాలేజీ ఉత్తరం చూపించి
"దేవాంగపిల్లుల్ని లెక్కపెట్టడానికి" అంటే
గార్డు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు:
"పిల్లుల్ని లెక్కపెట్టను ఇంతమందా!"

పెంచలకోన వెనక, వెలిగొండ వాలు మీద
రాత్రికి రెండు కిలోమీటర్ల బాట.
టార్చి మూతికి మిఠాయిలు చుట్టే ఎర్ర కాగితం,
దానికో రబ్బరుబ్యాండు.
తెల్లటి వెలుగైతే దాని కళ్లకు నొప్పట.
పది అడుగులు, ఆగడం.
కొమ్మ కొమ్మా వెతకడం.
మళ్లీ పది అడుగులు.
పెళ్లికూతురి నడకరా ఇది అని సుభాని గొణుగుడు.

మొదటి రాత్రి మెరిసినవన్నీ సాలీళ్ల కళ్లు.
రెండో రాత్రి పునుగుపిల్లి,
మా షాహీనా కేకకి అది కూడా పోయింది.
మూడో రాత్రి వాన.
మా ముందు నడిచే ఇండ్ల చెంగయ్యకి టార్చి లేదు.
అప్పుడప్పుడూ ఆగి గాలి పీల్చేవాడు,
"ఉండాది" అనేవాడు.
ఉండాది అనే మాటకి మా కాగితంలో గడి లేదు.

నాలుగో రాత్రి బండ మీద కూచుని
చల్లారిన ఉప్మా తింటుంటే చెప్పాడు.

"ఎనిమిదేళ్లప్పుడు నాకొకటి దొరికింది అబయా,
కలివి పొదలో.
కంటి మందుకని సంతలో ఒకాయన
నాలుగు రూపాయలిచ్చినాడు.
ఇచ్చేటప్పుడు నా వేలు వదల్లా అది.
ఒక్కోటే ఊడదీసినా.
మనిషి చెయ్యే. ఇంతుంటది. గోళ్లు కూడా."

చిటికెన వేలు కొస చూపించాడు.
అందరం తినడం ఆపేశామని రాస్తే అబద్ధం.
సుభాని ఇంకో ముద్ద తిన్నాడు,
ఆ తర్వాతే పొట్లం మడిచాడు.
"నాలుగు రూపాయలతో ఏం కొన్నావు తాతా?"
అడిగింది షాహీనా.
"బెల్లం. మిగిలిన దానికి కిరసనాయిలు."

ఐదో రాత్రీ ఏమీ లేదు.
తెల్లారి కుళాయి దగ్గర కాగితాలు నింపాం.
సమయం, చెట్టు, ఎత్తు, దూరం, రిమార్కులు.
ఐదు కాగితాల నిండా కోడిగుడ్లు.
"సున్నా కూడా లెక్కేనమ్మా" అంది మేడం,
అంటూ బూట్ల బురద గీక్కుంటూ ఉంది.

ఎందుకో తెలీదు, ఆఖరి కాగితం అడుగున రాశాను:
ఒకటి.
చెట్టు: కలివి.
ఎత్తు: ఎనిమిదేళ్ల పిల్లాడి భుజం.
దూరం: లేదు.
రిమార్కులు: వేలు వదల్లేదు.

మేడం ఎర్ర పెన్ను తీసింది.
కొట్టేస్తుందనుకున్నా.
ఖాళీగా ఉన్న తేదీ గడి చుట్టూ సున్నా చుట్టి
"ఇదీ అడిగి రాయి" అంది.

అడిగాను.
చెంగయ్య కొండకేసి చూసి, వేళ్లు ముడిచి,
మళ్లీ విప్పి,
"బెల్లం కిలో రూపాయిన్నర ఉన్న ఏడు" అన్నాడు.